నాలుగు నీళ్లు

మా వీధిలో మా మేనత్త గురించి ఒక కథ తిరుగుతోంది. ఇస్త్రీ కొట్టు దగ్గర పుట్టింది, కటింగ్ షాపులో పెరిగింది, ఇప్పుడు బేకరీ బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆ కథ ఇది.

"కుటుంబమంతా ఫొటో దిగుతుంటే తమ్ముడు ఆవిడ్ని చేతులు దాచుకోమన్నాడట. అంతే, కడుపు మండిపోయి ఇంటిల్లిపాదికీ కారే రంగు వేసిన బట్టలు తొడిగిందట. ఫొటో తీసే గదిలోనే అందరి మెడలూ మొహాలూ నీలంగా అయిపోయాయట. ఆవిడ గౌను మాత్రం ఒక్క చుక్క వదల్లేదట! చూశారా తెలివి? ఇంటివాళ్లకి కారే రంగు, తనకి గట్టి రంగు!"

ఆ చివరి మాట దగ్గర ఎవరైనా సరే కాస్త ఆగి, విన్నవాళ్ల మొహంలోకి చూస్తారు. నేను పక్కనే నిలబడి ఉన్నా చెప్తారు. నేను మాట్లాడనని అందరికీ తెలుసు. బెంచీ ముందు మాట్లాడినట్టే నా ముందూ మాట్లాడతారు. రొట్టె తీసుకుని ఇంటికొచ్చేసరికి నా పళ్లు నొప్పి పుడతాయి, అంత గట్టిగా కొరుక్కుంటాను.

నోటితో చెప్పడం నాకు చేతకాదు. అందుకని రాస్తున్నాను.

అత్త మా నాన్నకి అక్క. వీధంతా ఆమెను రంగులత్త అంటారు, ఆమెకంటే పెద్దవాళ్లు కూడా. మా ఇంటికి రెండు వీధుల అవతల ఆమె రంగుల షెడ్డు. రేకుల కప్పు, మూడు సిమెంటు తొట్లు, ఒక పెద్ద కాగు, దాని కింద పొయ్యి, వెనకాల బట్టలారేసే తీగలు. వెలిసిపోయిన ప్యాంట్లు, పరదాలు, హాస్టలు వాళ్ల దుప్పట్లు, మరక పడిన గౌన్లు అక్కడికి వచ్చి కొత్తవైపోతాయి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మకి జబ్బు చేసింది. "నెల రోజులు ఇంట్లో ఉండవే" అన్నారు. అమ్మకి తగ్గింది. నన్ను మళ్లీ బడికి పంపడం ఎవరికీ గుర్తురాలేదు. ఒకరోజు అత్త వచ్చి, "ఇది ఇలా గోడలు చూస్తూ కూర్చుంటే గోడే అయిపోతుంది, నా దగ్గరికి పంపండి" అని నన్ను షెడ్డుకి తీసుకెళ్లింది. ఇప్పటికి ఐదేళ్లయింది.

అత్త పదమూడేళ్లకి ఆ షెడ్డులో పనికి చేరింది. అప్పుడది ఒక ముసలావిడది. తాతయ్య పోయాక ఇంట్లో ఎవరో ఒకరు పనికి వెళ్లాలి, పెద్దది అత్తే. నాన్న, బాబాయి బడికి వెళ్లేవాళ్లు. ఏ ఏడాదికా ఏడాది అవే చొక్కాలు, కొత్త రంగులో. ముసలావిడ పోతూ పోతూ షెడ్డు అత్త చేతిలో పెట్టింది. అప్పటికే ఆ చేతులు ఇప్పుడున్నట్టు ఉన్నాయట, మణికట్టు దాకా నీలం, గోళ్ల చుట్టూ నలుపు. రబ్బరు తొడుగులు వేసుకోమంటే, "తొడుక్కుంటే గుడ్డ మాట వినపడదు" అంటుంది. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లందరూ ముందు చేతులే చూసేవారట. ఇద్దరు ముగ్గురు చూసి వెళ్లాక, "పిల్లని చూడ్డానికి వస్తున్నారా, గోళ్లు తీయడానికా?" అని అత్తే ఆ తంతు ఆపించేసిందట. ఇది నాన్నమ్మ చెప్పింది. చెప్తూ నవ్వింది, తర్వాత చాలాసేపు నవ్వలేదు.

రంగు వేసేవాళ్లకి ఒకే ఒక్క చెడ్డపేరు ఉంటుంది. రంగు వదులుతుంది అని. వంటవాడు ఒకరోజు ఉప్పు ఎక్కువేస్తే మర్నాడు సర్దుకోవచ్చు. రంగు వదిలిందని ఒక్కసారి పేరు పడితే ఇక ఆ తొట్టి దగ్గరికి ఎవరూ రారు. అందుకే అత్తకి నాలుగు నీళ్ల విషయంలో ఎవరి మాటా అక్కర్లేదు. గుడ్డకి రంగు పట్టాక పైపైన ఇంకా బోలెడంత రంగు అంటుకునే ఉంటుంది. దాన్ని వదలగొట్టాలి. రెండు చన్నీళ్లు, ఒక వేడి సబ్బు నీళ్లు, మళ్లీ ఒక చన్నీళ్లు. నాలుగో నీళ్లలో అత్త ఒక తెల్ల బొత్తాం వేస్తుంది. తొట్టి అడుగున బొత్తాం రంధ్రాలు లెక్కపెట్టగలిగితే గుడ్డ తీగెక్కుతుంది. లేకపోతే ఐదో నీళ్లు. "రంగు కోతి కూడా వేస్తుంది. వదలగొట్టడమే పని" అంటుంది.

నాన్నకి ఇనుప సామాన్ల కొట్టు ఉంది. మేకులు, తాళాలు, పైపులు. ఈ ఏడాది పెద్ద వీధిలో ఇంకో కొట్టు తెరవాలనుకున్నాడు. అందులో గల్లా వెనక గోడ మీద కుటుంబం ఫొటో ఒకటి, మంచం అంత, పెట్టాలన్నది ఆయన ఆలోచన. "కుటుంబాన్ని చూస్తే కొనేవాడికి నమ్మకం కలుగుతుంది" అన్నాడు.

"తాళం కొనడానికి వచ్చినవాడు తాళం చూసుకుంటాడు కానీ నా మొహం చూస్తాడా?" అంది నాన్నమ్మ.

స్టూడియో ఆయన ఒక కాగితం ఇచ్చాడు, ఫొటోకి ముందు ఇంట్లో ఏమేం చేయాలో అచ్చు వేసింది. నాన్న దాన్ని వంటింటి తలుపుకి అంటించాడు. పొద్దున్నే చదివేవాడు, అందరికీ వినపడేలా. గళ్ల బట్టలు వద్దు. సన్న చారలు వద్దు. జుట్టు వారం ముందే కత్తిరించుకోవాలి, ముందు రోజు కత్తిరిస్తే చెవుల వెనక తెల్లగా కనిపిస్తుంది. కళ్లజోడు అద్దాలు తుడిచి ఉంచాలి. అందరూ ఒకే రంగు వేసుకుంటే చూడముచ్చటగా ఉంటుంది. బాబాయి మీసం ఉంచాలా తీయాలా అని రెండు రోజులు చర్చ జరిగింది. పిన్ని తీయమంది, అమ్మ ఉంచమంది, చివరికి సగానికి కత్తిరించి ఎవరికీ నచ్చకుండా చేసుకున్నాడు. నాన్నమ్మ కట్టుడు పళ్ల దగ్గర మాత్రం నాన్న ఓడిపోయాడు. "పళ్లు పెట్టుకుంటే నవ్వలేను. నవ్వితే పళ్లు ఉండవు. ఏది కావాలో నువ్వే తేల్చుకో" అంది.

ఒకే రంగు అనే మాట దగ్గర నాన్నకి అక్క గుర్తొచ్చింది. తెల్ల గుడ్డ కొని, దర్జీ దగ్గర చొక్కాలు, గౌన్లు కుట్టించి, మూట కట్టి షెడ్డుకి పంపించాడు. "నీలం వెయ్యక్కా. ఏ నీలమైనా సరే" అని కబురు.

ఏ నీలమైనా సరే అనే మాట అత్త దగ్గర చెల్లదు. రెండు రోజులు ముక్కల మీద రంగు కలిపి చూసింది. ఒకటి పచ్చదనం తిరిగింది, ఒకటి మరీ నల్లబడింది. కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, పెదవి విరిచి, మళ్లీ కలిపేది. బుధవారం నాడు కుదిరింది. బట్టలన్నీ ఒకే తొట్టిలో వేసి సాయంత్రం దాకా తిప్పాం. నాకు భుజాలు పోయాయి. గురువారం పొద్దున మొదటి నీళ్లు అయ్యాయి. రెండో నీళ్లలో నానేసి, హాస్టలు వాళ్ల దుప్పట్లు ఇచ్చి రావడానికి అత్త బండి మీద వెళ్లింది. "నేను వచ్చేదాకా ముట్టుకోకు, ఊరికే నాననీ" అని చెప్పి వెళ్లింది.

పావుగంటకి నాన్న వచ్చాడు.

"ఇవేనా మనవి?"

"ఊఁ."

"తీసెయ్. ఇస్త్రీ అతను మధ్యాహ్నంలోగా ఇమ్మన్నాడు. ఫొటో సోమవారం కాదు, ఎల్లుండే. స్టూడియో ఆయనకి సోమవారం ఎవరిదో పెళ్లి ఉందట."

"ఇంకా మూడు నీళ్లు..."

"ఏంటి? గొంతులో దూది పెట్టుకున్నావా? గట్టిగా చెప్పు."

"మూడు నీళ్లు జాడించాలి నాన్నా. అత్త..."

"రంగు పట్టిందా, లేదా?"

"పట్టింది."

"పట్టాక ఇంకేం జాడిస్తారు? పట్టింది పోయేదాకానా? తియ్యి."

తీశాను. పిండాను. ఆరేశాను. ఎండ బాగా కాసింది, రెండు గంటల్లో ఆరిపోయాయి. మడతపెట్టి ఆయన చేతికి ఇచ్చాను. రెండో నీళ్లు పారబోస్తే మురుగు కాలవంతా నీలంగా పారింది, మలుపు దాకా. ఆయన దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయాడు. కాలవ వైపు ఒక్కసారి చూసినా సరిపోయేది.

అత్త వచ్చింది. తొట్టి చూసింది, తీగ చూసింది, నన్ను చూసింది.

"ఎవరు?"

"నాన్న."

"తీసిన చేతులు ఎవరివి?"

నా చేతులు ముందుకు చాపాను. మోచేతుల దాకా నీలం. అత్త నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"నోరు కూడా ఉంటుందే మనిషికి. అన్నం తినడానికి మాత్రమే అనుకుంటున్నావేమో."

చెప్పులు వేసుకుని నేరుగా ఇస్త్రీ కొట్టుకి వెళ్లింది. వెనకే పరిగెత్తాను. ఇస్త్రీ అతను పెట్టె పక్కన పెట్టి, బల్ల మీద పరిచిన తెల్ల దుప్పటి చూపించాడు. దాని మీద చొక్కా చేయి ఆకారంలో నీలం మరక.

"ఇదేం రంగు రంగులత్తా, నా బల్ల కూడా తాగేసింది!"

"ఆ బట్టలు ఇటివ్వు. ఇంకా పని అవ్వలేదు."

"మీ తమ్ముడు ఎవరికీ ఇవ్వొద్దన్నాడు. అక్క అడిగినా సరే ఇవ్వొద్దన్నాడు. మీ ఇంటి గొడవలో నన్ను ఇస్త్రీ చేయకండి."

అక్కడ అప్పుడు నలుగురు ఉన్నారు. వాళ్లందరూ ఆ దుప్పటి చూశారు.

అక్కడి నుంచి మా ఇంటికి. నాన్న అన్నం తింటున్నాడు. అత్త గుమ్మంలోనే నిలబడింది.

"ఒరేయ్, ఆ బట్టలు తెప్పించు. ఒక్క రాత్రి ఇయ్యి, శుక్రవారం సాయంత్రానికి ఆరేసి ఇస్తాను."

"శుక్రవారం మళ్లీ ఇస్త్రీ ఎవరు చేస్తారక్కా? ఆరిపోయాయి, నేను చేత్తో రుద్ది చూశాను. ఏం అంటలేదు."

"పొడి చేతికి ఏం తెలుస్తుంది? తడి తగలనీ, అప్పుడు చూడు."

అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి అత్త ముందు పెట్టింది. "గంట సేపు ఫొటోకి నాలుగు నీళ్లెందుకు వదినా? ఎవరైనా బకెట్టుతో నీళ్లు పోస్తారా మా మీద?"

"చెమట ఏంటమ్మా? అది నీళ్లు కాదా?"

"ఫొటో దిగడానికి వెళ్తున్నాం, బస్తాలు మోయడానికి కాదు" అన్నాడు నాన్న.

"నా తొట్టిలోంచి వెళ్లిన గుడ్డ ఎవరి ఒంటి మీదున్నా నా పేరు మీదే ఉంటుందిరా. మీకు ఫొటో చెడితే ఇంకోటి దిగుతారు. నాకు పేరు చెడితే?"

"నీ పేరు నేనేం ఎత్తుకుపోనులే అక్కా. కూర్చో, అన్నం తిను."

అత్త కూర్చోలేదు, మజ్జిగ తాగలేదు. నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. అప్పుడైనా ఒక్క మాట, "నాన్నా, కాలవలో ఎంత రంగు పోయిందో నేను చూశాను" అని అనుంటే ఏమయ్యేదో తెలియదు. ఆ మాట నా నాలుక మీదే ఉంది. అక్కడే ఉండిపోయింది.

శనివారం పది గంటలకి స్టూడియోకి అత్త మాకంటే ముందే వచ్చి కూర్చుంది. చేతిలో సంచీ. సంచీలో పిన్నులు, పౌడరు డబ్బా, తెల్ల బనియన్లు, లోపల వేసుకునే పల్చటి జాకెట్లు. ఇల్లంతా వెతికి, చాలనివి పక్కవాళ్లని అడిగి తెచ్చింది. "చొక్కా ఒంటికి తగలకూడదు. మెడకి పౌడరు దట్టంగా రాయండి. ఎవరూ చెమట తుడుచుకోకండి, చేత్తో అసలు ముట్టుకోకండి" అని ఒక్కొక్కరి కాలరు లోపల చేతిరుమాళ్లు మడిచి పెడుతోంది. నాన్నమ్మ గౌను భుజాల దగ్గర వదులైతే వెనక నుంచి పిన్నులు పెట్టింది. అన్నయ్య చొక్కా బొత్తాం ఊడితే అక్కడికక్కడ కుట్టింది. చెల్లికి రెండు జడలూ విప్పి మళ్లీ వేసింది. ఆమె మీద ఆ కథ చెప్పుకుని తిరిగేవాళ్లు ఆ అరగంట చూడాల్సింది.

"అక్కా, కాసేపు ఈ రంగుల గోల ఆపుతావా?" అని కాలరులోంచి రుమాలు పీకేశాడు నాన్న. "ఫొటోలో మెడ దగ్గర బుడిపెలా కనపడుతుంది." ఆయన తీస్తే బాబాయి తీశాడు. బాబాయి తీస్తే అన్నయ్య తీశాడు.

లోపలి గది చిన్నది. వెనక బూడిద రంగు పరదా, ఎదురుగా గొడుగుల్లాంటి పెద్ద దీపాలు నాలుగు. ఫ్యాను వేస్తే పరదా ఊగుతుందని ఆపేశారు. రోడ్డు చప్పుడూ వెలుతురూ రాకూడదని తలుపు మూసేశారు. నాన్నమ్మకి మధ్యలో కుర్చీ. ఆమెకి అటూ ఇటూ నాన్న, బాబాయి. అమ్మ, పిన్ని పక్కన. వెనక వరుసలో అత్త, నేను, అన్నయ్య. చెల్లి కింద కూర్చుంది.

అందరం నిలబడి, స్టూడియో ఆయన కెమెరాలోకి వంగాక, నాన్న వెనక్కి తిరిగాడు.

"అక్కా, నీ చేతులు అమ్మ భుజం మీద నుంచి తియ్యి. కుర్చీ వెనక పెట్టుకో. కొట్టులో పెట్టే ఫొటో ఇది. వచ్చినవాళ్లు ఏదో జబ్బనుకుంటారు."

అది మామూలుగానే అన్నాడు. బొత్తాం పెట్టుకో అన్నట్టు అన్నాడు. అందుకే నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కోపంగా అని ఉంటే తర్వాత సిగ్గుపడేవాడేమో.

అత్త చేతులు తీసింది. కుర్చీ వెనక చెక్కని పట్టుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను, వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి, నీలంలోంచి కూడా తెలుపు కనిపించింది. నావీ నీలం చేతులే. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, నేను కనపడితే కదా. నేనూ కుర్చీ వెనకే పెట్టుకున్నాను, ఆమె చేతుల పక్కన.

పది నిమిషాలన్నది నలభై అయింది. అన్నయ్య కళ్లు మూస్తాడు, పిన్ని తల వంచుతుంది, నాన్నమ్మ "అయిందా నాయనా?" అని సరిగ్గా మెరుపు వచ్చే క్షణంలో అడుగుతుంది. దీపాల వేడికి గది పొయ్యి మీద కాగులా ఉంది. ముందు బాబాయి మెడ. కాలరు పైన ఒక సన్న గీత, సిరా కలంతో గీసినట్టు. ఆయన లావు మనిషి, గీత కిందకి జారింది. చెల్లికి ముక్కు మీద చెమట పట్టి గౌను చేతి అంచుతో తుడుచుకుంది, చెంప నుంచి చెవి దాకా నీలం. "ఏంటే అది" అని అమ్మ అరచేత్తో దాని మొహం తుడిచి, అదే చేత్తో తన నుదురు తుడుచుకుంది. పిన్ని అమ్మని చూసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్న చేయి నీలం, తీశాక మూతి నీలం.

స్టూడియో ఆయన కెమెరా లోంచి తల ఎత్తకుండానే, "ఎవరికైనా ఒంట్లో బాలేదా అండీ?" అన్నాడు.

నాన్నమ్మ అటూ ఇటూ తిరిగి తన కొడుకుల్నీ కోడళ్లనీ చూసింది. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇన్నాళ్లకి నా కడుపున పుట్టినవాళ్లంతా ఒక్కలా ఉన్నారే!" అంది. ఇంకెవరూ నవ్వలేదు. నాకు మాత్రం లోపల్లోపల నవ్వొచ్చింది. రాలేదని అబద్ధం రాయను.

నాన్న తన మెడ తడుముకుని చేయి చూసుకున్నాడు. మొహం ఎర్రబడింది, దాని మీద నీలం.

"సంతోషమా అక్కా?"

"నేను గురువారమే చెప్పాను కదరా."

"చేతులు దాచుకోమన్నానని ఇంత పగా?"

"ఏం మాట్లాడుతున్నావురా నువ్వు?"

అప్పుడు అమ్మ అంది. "వదినా, ఒకసారి నీ మెడ చూపించు."

అత్త మెడ శుభ్రంగా ఉంది. చెమట ధారగా కారుతోంది, కానీ గౌను అంచు దగ్గర ఒక్క చుక్క నీలం లేదు. అందరూ ఆ మెడ వంకే చూశారు, దీపాలు సర్దే స్టూడియో కుర్రాడితో సహా. ఆ కథ అక్కడే, ఆ నిమిషంలో, ఆ వెలుతురులో తయారైంది. అత్త అందరి మొహాలూ ఒకసారి చూసింది. సంచీ తీసుకుని తలుపు తెరుచుకుని వెళ్లిపోయింది.

మళ్లీ వారం నాన్న అంగడిలో దొరికే రెడీమేడ్ బట్టలు కొన్నాడు, గోధుమ రంగువి. మళ్లీ ఫొటో దిగాం. అత్తకి కబురు పంపలేదు. నేను ఉన్నాను అందులో, వెనక వరుసలో, చేతులు వెనక్కి పెట్టుకుని.

పదిహేను రోజుల్లో షెడ్డు ముందు సద్దు తగ్గింది. పరదాలు ఇస్తామన్నావిడ ఇవ్వలేదు. ఒకామె రంగు వేయడానికి ఇచ్చిన ప్యాంట్లు వేయకుండానే వెనక్కి తీసుకెళ్లింది, "మా ఆయన వద్దంటున్నాడు" అని. తర్వాత హాస్టలు వార్డెను వచ్చింది. పదకొండేళ్లుగా వాళ్ల దుప్పట్లన్నీ అత్తవే. "ఈసారికి వేరే చోట వేయిద్దామనుకుంటున్నాం. పిల్లలు పడుకునేవి కదా, ఒంటికి అంటితే..." అని నసిగింది. అత్త సరేనంది. ఆమె వెళ్లాక కాగు కింద మంట ఆర్పేసింది. పగటిపూట ఆ మంట ఆరిపోవడం నేను చూడ్డం అదే మొదలు.

"అత్తా, నాన్నకి చెప్దాం."

"ఏం చెప్దాం? ఎవరు చెప్తారు? నువ్వా?"

అంత చులకనగా ఆమె నన్ను ఎప్పుడూ అనలేదు. నాకు కోపమొచ్చింది. ఆమె మీద, నా మీద, అందరి మీద.

నాన్న కొత్త కొట్టు తెరిచిన రోజు జనం బాగానే వచ్చారు. గల్లా వెనక మంచమంత ఫొటో. లోపలి గదికి అడ్డంగా నీలం పరదా, పాత కొట్టు నుంచి తెచ్చింది. అది ఆరేళ్ల కిందట అత్త రంగు వేసింది. నేను బీరువా తాళాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే అత్త వచ్చింది. పని గౌనులోనే వచ్చింది, తడి చేతులతో. ఫొటో వంక చూడలేదు. జనం తాగడానికి పెట్టిన నీళ్ల డబ్బా దగ్గర ఒక తెల్ల గుడ్డ తడిపి, పరదా చెంగు పట్టుకుని గట్టిగా రుద్దింది. రుద్ది, ఆ గుడ్డ విప్పి అక్కడున్నవాళ్లకి చూపించింది. తెల్లగానే ఉంది.

"ఇది నా రంగు. ఆరేళ్లు. మీలో ఎవరైనా రుద్ది చూడండి."

ఎవరో ఒకాయన నిజంగానే రుద్ది చూశాడు. వేళ్లు చూసుకుని, "ఏం లేదే" అన్నాడు.

"అక్కా, జనం ముందు ఏంటిది? తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు నాన్న.

"తర్వాతకి నాకు షెడ్డు ఉండదురా. ఇప్పుడే చెప్పు. ఆ బట్టలు ఎన్ని నీళ్లు చూశాయి?"

"నాకేం తెలుసు నీ నీళ్ల సంగతి? రంగు వేసింది నువ్వు, వదిలింది నీ రంగు."

"ఎన్ని నీళ్లురా?"

నాన్న ఒక కొనుగోలుదారు వైపు తిరిగి, "మీకు ఏ సైజు పైపు కావాలన్నారు?" అని అడిగాడు.

అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది. పెద్దగా రాలేదు. "ఒకటే నాన్నా. ఒక్క నీళ్లే. మూడు మిగిలున్నాయని నేను చెప్పాను. నువ్వు తీయమన్నావు. నేను తీశాను."

పైపు కావాలన్నాయన, "ఏమంటోందండీ ఆ అమ్మాయి?" అన్నాడు.

"దానికేం తెలుసు. ఎనిమిదో తరగతి దాటలేదు" అన్నాడు నాన్న.

"బడికి పంపనిది నువ్వు. లెక్క నేర్పింది నేను. నాలుగులోంచి ఒకటి తీస్తే మూడని దానికి బాగానే తెలుసు" అంది అత్త. నా చేతిలోంచి తాళాల పెట్టె తీసి గల్లా మీద పెట్టింది. "పద."

మేమిద్దరం వెళ్లిపోయాం. ఆ రోజు నుంచి నేను అత్త దగ్గరే ఉంటున్నాను. నాన్న ఇంతవరకూ ఎవరితోనూ తప్పు తనదని అనలేదు. కానీ పరదా రుద్దినాయన ఉన్నాడే, ఆయన ఊరుకోలేదు. తను ఏం చూశాడో, గల్లా దగ్గర ఏం విన్నాడో నాలుగు చోట్ల చెప్పాడు. నెల తర్వాత వార్డెను సగం దుప్పట్లు పంపింది, చూద్దాం అన్నట్టు. కాగు కింద మళ్లీ మంట ఉంది, రోజూ కాదు, వారంలో నాలుగు రోజులు.

కథ మాత్రం పోలేదు. నీళ్ల సంగతి తెలిసినవాళ్లు కూడా, "అదంతా సరేనమ్మా. మరి ఆవిడ గౌను ఎందుకు వదల్లేదంటావు? తనది మాత్రం నాలుగు నీళ్లు జాడించుకుందా?" అంటారు. నిన్న బేకరీలో కూడా అన్నారు. అత్త దానికి ఎప్పుడూ జవాబు చెప్పలేదు, స్టూడియోలో చెప్పలేదు, కొట్టులో చెప్పలేదు. ఎందుకు చెప్పవని నేను అడిగితే, "అడగాల్సినవాడు అడగనీ" అంది.

తెల్ల గుడ్డ నాన్న ఎనిమిది మందికే కొన్నాడు. మూట విప్పి లెక్కపెట్టింది నేనే. నాన్నమ్మ, నాన్న, అమ్మ, బాబాయి, పిన్ని, అన్నయ్య, నేను, చెల్లి. ఆ రోజు అత్త వేసుకున్నది ఆమె పాత గౌను, ఏడేళ్ల నాటిది. మా అందరి బట్టల రంగూ రెండు రోజులు కూర్చుని దానికి సరిపోయేలా కలిపింది.